కోసే ముందు ఆగే చెయ్యి

అప్పుడే పుట్టిన బిడ్డ గాలిగొట్టం లోపలి వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. పొడవు 4 సెంటీమీటర్లకు అటూ ఇటూ. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాలన్నీ దాని ముందు నుంచో పక్క నుంచో పోతుంటాయి. ఎవరి దారిన వాళ్లు పోతున్నంత కాలం చిక్కు లేదు. ఒక్క నాళం దారి తప్పి గొట్టాన్ని చుట్టుకుందంటే మాత్రం ఆ బిడ్డకు ప్రతి శ్వాసా కాయకష్టమే. 4 మిల్లీమీటర్ల దారి 2 మిల్లీమీటర్లకు నొక్కుకుపోతే గాలికి అడ్డు రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. సన్నని గొట్టాల్లో ప్రవాహం గురించి పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు పొయ్‌జాయ్ తేల్చిన లెక్క ఇది. పెద్దవాళ్లకు గొంతు వాస్తే మాట బొంగురుపోతుంది, అంతే. అదే వాపు పసిబిడ్డకు ప్రాణాల మీదికి ఎందుకు తెస్తుందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

మా నల్లగొండ జిల్లాలో పెద్దవూర, హాలియా, మిర్యాలగూడ దిక్కు పసిపిల్ల ఛాతీలో గురగుర వినబడితే మొదట వచ్చే మాట సర్ది. తగ్గకపోతే తెమడ పట్టిందంటారు. నెలలు గడిచినా పోకపోతే పాల ఉబ్బసం. "ఏం గాదు బిడ్డా, పెద్దగైతే అదే పోతది" అని అమ్మమ్మ ధైర్యం చెబుతుంది. మిర్యాలగూడలో ఉంటే రైస్ మిల్లుల దుమ్ము మీదికి నెపం పోతుంది. ఆర్‌ఎంపీ దగ్గర నెబులైజర్ పెట్టిస్తారు, సిరప్ రాయిస్తారు. చాలామంది పిల్లల విషయంలో ఈ మాటలు నిజమే, నిజంగానే పెద్దయితే పోతుంది. అందుకే వాళ్ల మధ్య అరుదుగా ఉండే ఆ ఒక్క బిడ్డ దొరకదు.

ఆ బిడ్డ గురక వేరు. జలుబు ఉన్నా లేకపోయినా, పుట్టిన కొద్ది రోజుల నుంచే అది ఉంటుంది. గాలి పీల్చేటప్పుడూ వినబడుతుంది, వదిలేటప్పుడూ వినబడుతుంది. పాలు తాగుతున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు పెరుగుతుంది. దగ్గు ఖంగుఖంగుమని కంచు మీద కొట్టినట్టు మోగుతుంది. డొక్కలు ఎగరేస్తుంది. మందులు వేస్తున్నా పెద్దగా మార్పుండదు. ఇంకొక గుర్తు ఉంది, దాన్ని తల్లే పట్టుకోగలదు: బిడ్డ ఎప్పుడూ మెడ వెనక్కి వాల్చి పడుకుంటుంది. తలకింద దిండు పెట్టి గదుమ ముందుకు వంచితే ఊపిరాడక గింజుకుంటుంది. మెడ వెనక్కి వాలిస్తే గొట్టం కాస్త సాగి దారి తెరుచుకుంటుందని ఆ పసిదానికి ఎవరూ నేర్పలేదు. దాని ఒళ్లే కనిపెట్టుకుంది.

ఈ పొరపాటు తల్లి కడుపులో నాలుగో వారానికీ ఎనిమిదో వారానికీ మధ్య జరుగుతుంది. పిండం మెడ భాగంలో రెండు పక్కలా జతలు జతలుగా ధమని వంపులు పుడతాయి. వాటిలో కొన్ని కరిగిపోతాయి, కొన్ని నిలుస్తాయి. నాలుగో జతలో ఎడమది నిలిచి బృహద్ధమని వంపుగా మారాలి, కుడివైపు దారి చాలావరకు మాసిపోవాలి. కుడిదీ పోకుండా నిలిచిపోతే రెండు వంపులు తయారవుతాయి. ఒకటి గాలిగొట్టానికి కుడివైపు నుంచి, ఇంకొకటి ఎడమవైపు నుంచి పోయి, అన్నవాహిక వెనకాల మళ్లీ కలుస్తాయి. మధ్యలో గాలిగొట్టం, అన్నవాహిక రెండూ ఇరుక్కుంటాయి. జంట బృహద్ధమని వంపు అంటారు దీన్ని. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ ఉంగరం ఉబ్బి ఇంకాస్త నొక్కుతుంది. లోపల చూసే పరికరం బ్రాంకోస్కోపును గాలిగొట్టంలోకి దింపి చూస్తే ఆ నొక్కు నాడిలా కొట్టుకుంటూ కనబడుతుందట. బయటి నుంచి ఒక నాళం మీద పడి ఉందని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

1737లోనే హామెల్ అనే వైద్యుడు ఈ జంట వంపును వర్ణించాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా ఇది చాలావరకు శవపరీక్షల్లో కనబడి, పుస్తకాల్లో బొమ్మగా మిగిలిన వింత. బతికున్న బిడ్డలో దాన్ని విప్పిన మొదటి మనిషి బోస్టన్ పిల్లల ఆసుపత్రి సర్జన్ రాబర్ట్ గ్రాస్. అది 1945.

గ్రాస్ చేతుల గురించి కొంచెం చెప్పుకోవాలి. తండ్రి జర్మనీ మూలాలున్న పియానో పనివాడు. కొడుక్కు పుట్టుకతోనే ఒక కంట్లో శుక్లం, అంటే పని చేసేది ఒక్క కన్నే. ఒక్క కంటితో చూసేవాళ్లకు ఏది ముందుందో ఏది వెనకుందో లోతు అందదు. ఆ లోపం చేతికి తెలియకుండా పోవాలని తండ్రి అతనికి గడియారాలు ఇచ్చి, విప్పి మళ్లీ బిగించమనేవాడట. పెద్ద గడియారాలతో మొదలై చిన్నవాటికి వచ్చాడు. ఆ పిల్లవాడే 1938లో, ముప్పై మూడేళ్ల వయసులో, ఏడేళ్ల పాప గుండె దగ్గర తెరుచుకుని ఉండిపోయిన నాళాన్ని కట్టి మూశాడు. పిల్లల గుండె శస్త్రచికిత్స అప్పుడే మొదలైందని అంటారు. ఏడేళ్ల తర్వాత ఈ ఉంగరం దగ్గరికి వచ్చాడు. రెండు కళ్లున్నవాళ్లు కూడా తడబడే లోతులో, వెంట్రుకల్లాంటి నరాల మధ్య పని అది. ఆ గడియారాల సంగతి తెలిశాక గ్రాస్ ఆపరేషన్ వర్ణన చదివితే ఆ చేతులు ఎక్కడ తయారయ్యాయో అర్థమైనట్టు నాకు అనిపించింది.

ఇప్పుడు ఆ ఆపరేషన్ వరస ఇలా ఉంటుంది. బిడ్డను కుడివైపు ఒత్తిగిల పడుకోబెట్టి, ఎడమ పక్కటెముకల మధ్య నాలుగో సందులోంచి లోపలికి పోతారు. ఊపిరితిత్తిని మెల్లగా ముందుకు జరిపితే పల్చటి పొర కింద నాళాలు కనబడతాయి. ఇక్కడ తొందరపడే సర్జన్‌ను నేను నమ్మను. ముందు ప్రతి నాళాన్నీ విడదీసి గుర్తుపట్టాలి: ముందు వంపు ఏది, వెనక వంపు ఏది, ఎడమ చేతికి పోయేది ఏది, తలకు పోయేది ఏది. గర్భంలో ఉన్నప్పుడు రక్తం పారి, పుట్టాక మూసుకుపోయి తాడుగా మిగిలిన నాళం ఏది. ఆ తాడు కిందుగా వంకీ తిరిగి గొంతు వైపు పైకి పోయే నరం ఒకటుంటుంది. సన్నది, తెల్లనిది. దాన్ని నలిపితే బిడ్డ ఏడుపు బొంగురుపోతుంది, మింగిన పాలు గాలిగొట్టంలోకి జారతాయి. అందుకే దాన్ని ముందే కనిపెట్టి, పక్కకు జరిపి, చివరిదాకా కంటి ముందే ఉంచుకుంటారు.

రెండు వంపుల్లో ఒకటి సాధారణంగా సన్నగా ఉంటుంది. ఎక్కువమందిలో ఎడమది. దాన్నే తెంపాలి. కానీ వెంటనే తెంపరు, ముందు నాళాన్ని బిగించి పట్టే క్లాంపు వేసి ఆగుతారు. మత్తు డాక్టరు బిడ్డ రెండు చేతుల నాడీ చూస్తారు, మెడకు రెండు పక్కలా చూస్తారు, తొడ దగ్గర చూస్తారు. కుడి చేతికీ ఎడమ చేతికీ రక్తపోటు సరిపోల్చుకుంటారు. అన్ని చోట్లా నాడి కొట్టుకుంటుంటే ఈ వంపు లేకపోయినా మెదడుకు, చేతులకు, కాళ్లకు రక్తం అందుతుందన్నమాట. ఎక్కడైనా నాడి ఆగితే క్లాంపు తీసేసి ఇంకో చోట వేసి మళ్లీ చూస్తారు. వేసిన క్లాంపు తీసేయొచ్చు, కోసినదాన్ని వెనక్కి తీసుకోలేం. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనబడేది ఆ ఒకటి రెండు నిమిషాల ఆగడమే. కత్తి చేతిలో ఉండి, బిడ్డ ఛాతీ తెరిచి ఉండి, ఎక్కడ కోయాలో తనకు తెలిసి ఉండి కూడా, ఇంకొక మనిషి వేలి కింద నాడి చెప్పే మాట కోసం ఎదురుచూడటం.

ఆ మాట వచ్చాక రెండు క్లాంపుల మధ్య తెంపుతారు. ఒట్టి దారంతో ముడేసి వదిలేయరు. బృహద్ధమని ఒత్తిడికి ముడి జారిందా, ఆ బిడ్డ దక్కదు. తెగిన ప్రతి మొనను సన్నని పాలీప్రొపిలిన్ దారంతో ఒకసారి, దాని మీద ఇంకొకసారి కుడతారు. క్లాంపు వదిలినప్పుడు రెండు మొనలూ ఎడంగా తప్పుకుంటాయి. అవి ఎంత బిగువులో ఉన్నాయో ఆ దూరమే చెబుతుంది. మూసుకుపోయిన ఆ తాడునూ తెంపుతారు. అంతటితో పని అయిపోదు. ఇన్నాళ్లూ ఉంగరం ఒరుసుకున్న చోట అన్నవాహిక మీద, గాలిగొట్టం మీద పీచు పొరలు పట్టి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే విడదీయాలి. వాటిని వదిలేస్తే ఉంగరం తెగినా నొక్కు కొంత మిగిలిపోతుంది. ఇదంతా గుండెను ఆపకుండా, మిషన్ మీద పెట్టకుండా చేసే పని.

ఉంగరం ఒక రకం. ఇంతకన్నా చిత్రమైనది ఇంకొకటుంది. ఎడమ ఊపిరితిత్తికి పోవలసిన ధమని తన చోట పుట్టకుండా కుడివైపు ధమని నుంచి పుడుతుంది. అక్కడి నుంచి ఎడమకు రావడానికి గాలిగొట్టం వెనక నుంచి, అన్నవాహిక ముందు నుంచి దూరి వస్తుంది. ఆ రెండు గొట్టాల మధ్య సందులోంచి పెద్ద నాళం పోవడం చాలా అరుదు. బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే అన్నవాహిక మీద నొక్కు వెనక నుంచి కాక ముందు నుంచి కనబడుతుంది. ఆ ఒక్క గుర్తుతో పాతకాలం డాక్టర్లు దీన్ని పట్టేవారు. ఇప్పుడు రంగు మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌లో నాళాలన్నీ బొమ్మ గీసినట్టు కనబడతాయి. సర్జన్లు దీన్ని స్లింగ్ అంటారు. 1897లో జర్మనీలో గ్లేవెకే, డోలే అనే ఇద్దరు వైద్యులు ఒక శవపరీక్షలో దీన్ని చూసి రాశారు.

దీన్ని మొదట సరిచేసింది షికాగోలో విల్లిస్ పాట్స్, 1953లో, ఐదు నెలల బిడ్డకు. తప్పు దారిన పోతున్న ధమనిని తెంపి, గాలిగొట్టం వెనక నుంచి బయటికి లాగి, ముందు వైపు నుంచి తెచ్చి మళ్లీ అతికించాడు. ఇంత సన్నని నాళాన్ని తెంపి అతికించడానికి దాన్ని పట్టుకోగలిగే పరికరం కావాలి. గట్టిగా పట్టుకుంటే నాళం గోడ నలుగుతుంది, వదులుగా పట్టుకుంటే జారి రక్తం చిమ్ముతుంది. పాట్స్‌కు ఆ పరికరాలు చేసిచ్చినవాడు బ్రూనో రిక్టర్ అనే పనిముట్ల తయారీదారు. రెండు మూడు పెద్ద పళ్లకు బదులు ఎన్నో సన్నసన్నని పళ్లున్న క్లాంపు చేశాడు. నాళాన్ని నలపకుండా జారనీయకుండా పట్టుకుంటుందది. పాట్స్ పేరుతో ఆ క్లాంపు ఇప్పటికీ ఆపరేషన్ థియేటర్లలో వాడుకలో ఉంది. రిక్టర్ పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆ బిడ్డ ఊపిరిలో అతని ఆకురాయి పని కూడా ఉంది.

స్లింగ్ దగ్గర అసలు కష్టం ధమని కాదు. మామూలుగా గాలిగొట్టంలో పదహారు నుంచి ఇరవై దాకా మృదులాస్థి వంపులుంటాయి. ఇంగ్లిషు సి అక్షరంలా వెనక వైపు తెరిచి ఉంటాయి. ఆ తెరిచిన చోట మెత్తటి కండ పొర ఉంటుంది. స్లింగ్ ఉన్న పిల్లల్లో చాలామందికి ఆ వంపులు సి లా ఉండవు, నిండు సున్నాలా మూసుకుపోయి ఉంటాయి. పుట్టుకతోనే గొట్టం చాలా దూరం సన్నగా, బిరుసుగా ఉంటుంది. అలాంటప్పుడు ధమనిని ఎంత చక్కగా సరైన చోట పెట్టినా లాభం లేదు, గాలిగొట్టం ఎప్పటిలాగే సన్నం.

దీనికి సర్జన్లు పట్టిన మొదటి దారి మాసికలు వేయడం. గొట్టాన్ని ముందు నుంచి నిలువునా చీల్చి, ఆ చీలికలో పక్కటెముక మృదులాస్థి ముక్కనో, గుండె చుట్టూ ఉండే పొర ముక్కనో పెట్టి కుట్టేవారు. 1980ల్లో జపాన్‌లోనూ షికాగోలోనూ ఇలా ఎందరో పిల్లలను కాపాడారు. కానీ మాసికకు గాలిగొట్టం లోపలి తడి పొర ఉండదు. ఆ పచ్చి చోట మాంసం పెరిగి మళ్లీ దారి మూసుకునేది. నెలల తరబడి బ్రాంకోస్కోపుతో దాన్ని గీకుతూ ఉండాల్సి వచ్చేది.

1989లో లండన్‌లో సాంగ్, గోల్డ్‌స్ట్రా బృందం చెప్పిన పద్ధతి ఈ చిక్కును తప్పించింది. తర్వాత బోస్టన్‌లో హెర్మీస్ గ్రిల్లో దాన్ని సానబెట్టాడు. స్లైడ్ ట్రాకియోప్లాస్టీ అంటారు. బయటి నుంచి ఒక్క ముక్క కూడా తేరు. కొబ్బరి బొండంలో వేసే స్ట్రా ఒకటి తీసుకుని మీరే చేసి చూడవచ్చు. స్ట్రాను సరిగ్గా మధ్యలో అడ్డంగా రెండు ముక్కలు చెయ్యండి. పై ముక్కను వెనక వైపు నిలువునా చీల్చండి, కింది ముక్కను ముందు వైపు చీల్చండి. చీలికలు తెరిచి ఒకదాని మీదికి ఒకటి జరపండి. వెనక చీలినది ముందు గోడ అవుతుంది, ముందు చీలినది వెనక గోడ అవుతుంది. పొడవు సగమవుతుంది, చుట్టుకొలత రెట్టింపవుతుంది. 3 సెంటీమీటర్ల పొడవునా 2 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం, 4 మిల్లీమీటర్ల వెడల్పుతో ఒకటిన్నర సెంటీమీటర్ల గొట్టం అవుతుంది. పొయ్‌జాయ్ లెక్కలో చూస్తే ఆ భాగంలో గాలికి అడ్డు ముప్పై రెండో వంతుకు పడిపోవాలి. ఏ బిడ్డ గొట్టమూ స్ట్రా అంత తిన్నగా ఉండదు గనుక ఫలితం అచ్చంగా లెక్క ప్రకారం రాదు. అయినా ఉన్న దానితోనే కావలసింది చేసుకోవడం ఇంతకన్నా శుభ్రంగా ఉంటుందా?

చేతిలో స్ట్రా ఉన్నప్పుడు తేలికగా కనబడింది బిడ్డ ఒంట్లో ఎంత జాగ్రత్తను అడుగుతుందో చూడండి. గాలిగొట్టాన్నే అడ్డంగా కోస్తున్నారు గనుక అంతసేపూ బిడ్డకు ఊపిరి ఉండదు. హార్ట్-లంగ్ మెషిన్ మీద పెట్టి, రక్తానికి ప్రాణవాయువు దాని ద్వారా అందిస్తారు. ధమనిని ముందుకు మార్చే పని కూడా అప్పుడే ఒకే పట్టున చేస్తారు. సన్నదనం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బయటి నుంచి చూస్తే తెలియదు. అందుకని ఒకరు బ్రాంకోస్కోపుతో లోపలి నుంచి చూస్తుంటే సర్జన్ బయటి నుంచి సన్నని సూది గుచ్చుతారు. సూది మొన లోపల ఎక్కడ కనబడిందో చూసి హద్దు గుర్తిస్తారు. గొట్టానికి రక్తం రెండు పక్కల నుంచి వస్తుంది. అందుకని ముందూ వెనకా విడదీస్తారు గానీ పక్కలు కదిలించరు. కుట్టేది ఒంట్లో కరిగిపోయే దారంతో. ముడులన్నీ గొట్టానికి బయటి వైపే రావాలి, లోపల ముడి తగిలితే అక్కడ మాంసం పెరుగుతుంది. మూలలు గుండ్రంగా కత్తిరించి అతుకుతారు. చివర ఆ చోటును సెలైన్‌తో నింపి లోపలి నుంచి గాలి ఒత్తుతారు. బుడగ వస్తే ఆ కుట్టు దగ్గరికి మళ్లీ పోతారు.

మా జిల్లాల వాళ్లు ఇలాంటి వైద్యానికి హైదరాబాద్ పోతారు, కోదాడ వైపు వాళ్లకు విజయవాడ దగ్గర. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ అదే ఏడాది డిసెంబరుకు నల్లగొండకు వచ్చింది. పేదపిల్లల గుండె ఆపరేషన్లకు సర్కారు సాయం చేయడం దానికన్నా ముందే మొదలైంది, ఆ అనుభవం నుంచే ఈ పథకం పెరిగింది. 2019లో సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. 2023లో లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రి నుంచి మన తెలుగు సర్జన్ డాక్టర్ రమణ దన్నపునేని బృందంతో వచ్చి, హైదరాబాద్‌లోని నిమ్స్, నిలోఫర్ ఆసుపత్రుల డాక్టర్లతో కలిసి నిమ్స్‌లో పిల్లలకు గుండె ఆపరేషన్లు ఉచితంగా చేశారు. అవి గుండెలో లోపాలకు చేసినవి, గాలిగొట్టానికి కాదు. అయినా చిన్న నాళాల మీద పని చేసే చేతులు, రాత్రంతా పిల్లల ఐసీయూలో మేల్కొని ఉండే నర్సులు, మిషన్ నడిపేవాళ్లు ఒక చోట కూడితేనే గాలిగొట్టం పని కూడా సాధ్యం. ఊళ్లో కావలసింది వేరు. నాలుగోసారి నెబులైజర్ పెట్టబోతున్న మనిషి ఆగి, "ఈ గురక పుట్టినప్పటి నుంచీ ఉందా అమ్మా, పాలు తాగేటప్పుడు ఎక్కువవుతదా?" అని అడగడం. ఈ పనిలో మొదటి మెట్టు అక్కడే ఉందని నేను నమ్ముతాను.

ఇంటికి వచ్చాక జరిగే సంగతి ఒకటి డాక్టర్లు తల్లిదండ్రులకు ముందే చెబుతారు, చెప్పాలి కూడా. ఉంగరం తెంపిన రోజే గురక పోదు. ఎన్నాళ్లో నొక్కుకుపోయి ఉన్న చోట మృదులాస్థి మెత్తబడి ఉంటుంది, అది గట్టిపడేదాకా కొన్ని నెలలు శబ్దం వస్తూనే ఉండొచ్చు. ఒక్కొక్కరికి ఏడాది దాటుతుంది. పాలు బాగా తాగి బరువు పెరుగుతుంటే, డొక్కలు ఎగరేయడం తగ్గుతుంటే పని నడుస్తున్నట్టే. స్లైడ్ చేసిన పిల్లలకు మొదటి వారాల్లో బ్రాంకోస్కోపుతో కుట్టు చూస్తారు, అవసరమైతే మళ్లీ చూస్తారు. అతికిన గొట్టం అంతా ఆ బిడ్డదే గనుక బిడ్డతో పాటే పెరుగుతుంది.